చేతగాని దొంగలు

చోరవిద్య అరువదినాలుగు కళలలో నొకటి యని మనవారు వాడుకగా చెప్పుదురు. ఆ కళలో ఆరితేరిన గజదొంగల కథలు మన అవ్వలు మనకు చాల చెప్పిరి. వారిని గూర్చి నేనిపుడు వ్రాయబోవుట లేదు. ఆ విద్య యెంత సాధనచేసినను అబ్బని దొంగలు కొందరు గలరు. వారు కన్నము వేసినచో అది వంటగదిలో తేలును. ఒకరిని ఎత్తుకొనిపోయినచో విడిపించుకొనువారు లేక, తామే అన్నము పెట్టి పోషింపవలసివచ్చును. సొమ్ము చేతికందినదని సంతోషించునంతలో సంచి చేతులు మారును. ఇట్టివారి కథలను స్వల్పమైన పెట్టుబడితో, పేరుమోసిన కథానాయకుల యండ లేకయే, హాస్యప్రధానముగా తీసిన చలనచిత్రములు ముప్పదియేండ్లకు మించి తెలుగునాట వచ్చుచున్నవి.

ఇవి మగపిల్లలు గుంపుగా పోయి ఈలలు వేయుటకు తీసిన చిత్రములని మనలో ననేకులు తలంతురు. నేనట్లు తలంపను. ఈ కథల మర్మము గ్రహించుటకు గృహిణిని మించిన పరీక్షకురాలు లేదని నా యభిప్రాయము. దొంగకథలో అందరును దొంగనే చూచెదరు. సొమ్మెవరిది, ఆ నష్టము తుదకెవరి నెత్తిని బడినది అను లెక్క చూచునది ఇల్లు నడుపు స్త్రీయే.

నరసరావుపేటలో నుండువారికి ఈ ముచ్చట దూరపుది కాదు. పల్నాడనగనే ఎల్లరకును వీరులే స్ఫురింతురు. శ్రీనాథుడు పల్నాటి వీరచరిత్రమును వ్రాసెను; కారెంపూడిలో ఏటేట వీరుల తిరునాళ్ళు నేటికిని జరుగుచున్నవి. కోడిపందెములో ఓడిన పాపమునకు బ్రహ్మనాయుని పక్షమువారు ఏడేండ్లు వలసపోయిన కథ మన పిల్లలకు నోటికి వచ్చును. ఆ కథలో ఓటమి యనిన పౌరుషము, పగ, నెత్తురు. ఓడినవానిని చూచి నవ్వుట యను మాట అందు లేదు. ఇట్టి సీమలోనే, ముప్పాళ్ళ మండలము చాగంటివారిపాలెమున 1956 లో కన్నెగంటి బ్రహ్మానందముగారు జన్మించిరి. ఆ పల్లె, 2022 లో నరసరావుపేట ముఖ్యపట్టణముగా ఏర్పడిన పల్నాడు జిల్లాలోనిదే. ఆయన అత్తిలి కళాశాలలో తెలుగు బోధించుచుండి, జంధ్యాలగారి "అహ నా పెళ్ళంట" చిత్రముతో 1987 లో పేరు తెచ్చుకొని, 2009 లో పద్మశ్రీ బిరుదమునొందిరి. వీరుల గడ్డమీద పుట్టినవాడు పిరికివాని వేషముతో లోకమును గెలిచెనని నవ్వుకొనుట కద్దు. ఆ వేషములలో మన ప్రస్తావనకు ముఖ్యమైనది 1993 నాటి "మనీ" చిత్రములోని ఖాన్ దాదా. పేరు వినిన రౌడీ. మీసము, మాట, నడక యన్నియు రౌడీవే. అతనిని చూచిన మాత్రము భయము పుట్టదు, నవ్వు పుట్టును. ఆ పేరు తెలుగువారి పరిహాసములలో నేటికిని నిలిచియున్నది.

"మనీ" చిత్రము శివ నాగేశ్వరరావుగారికి దర్శకులుగా మొదటిది. నిర్మించినవారు, అంతకు నాలుగేండ్ల క్రిందట "శివ" తీసిన రాంగోపాల్ వర్మగారు. జె. డి. చక్రవర్తి, చిన్నా యను ఇద్దరు యువకులు పనిలేని మిత్రులుగా వేసిరి. చేతిలో కాసు లేదు. ఈ పిల్లలు దుర్మార్గులు కారు, బుద్ధిమంతులును కారు. మన వీధిలో ఏ అరుగుమీద చూచినను ఇట్టివారు ఇద్దరు కానవత్తురు. వీరికొక ఉపాయము తోచినది: ధనవంతుడొకని భార్యను ఎత్తుకొనిపోయి పైక మడుగవలెను. ఆ భార్య వేషము జయసుధగారిది. భర్త వేషము పరేష్ రావల్‌గారిది. భార్య పోయినదని వినగానే భర్తకు కలిగినది దుఃఖము కాదు, సంతోషము. ఆమె తిరిగిరాకుండుటయే అతనికి లాభము. కావున పైక మీయడు. దొంగలు బెదరించినకొలది అతని మొగము వికసించును.

ఇచట కొంత నిలిచి ఆలోచింపవలెను. అపహరించినవారు ఆమెకొక వెల కట్టిరి. కట్టుకొన్నవాడు ఆ వెల యీయుటకు ఒప్పుకొనలేదు. ఆ యింట ఆమె యెన్నియేండ్లు ఎట్లు కాపురము చేసినదో ఆ యొక్క లెక్కలో తేలిపోయినది. హాలులో నెల్లరును నవ్వుదురు, మనమును నవ్వుదుము. కాని తన్నెవరైన ఎత్తుకొనిపోయినచో ఇంటివారు ఎంత యిత్తురో యని వినోదమునకైనను ఒకసారి మనసులో ననుకొనని యిల్లాలుండునా? "నీవు లేకున్న ఈ యిల్లు నడువదా" యను మాట ఏదో యొక కోపమున వినని యిల్లాలుండునా? ఆమె నవ్వులో మగవారి నవ్వునకు లేని పదును ఒకటి కలదు. ఆ చిత్రములో ఆమె యెడల జాలి చూపినది చేతగాని దొంగలే. చదువు, సంపద, పరువు గల భర్త కాడు. చిత్రమునకు మిగిలిన హంగులన్నియు కాలముతో పాతబడవచ్చును గాని, ఈ యొక్క ముల్లు మాత్రము మొక్కవోలేదు.

ఈ కథాబీజము మన దేశపుది కాదు. 1986 లో అమెరికాలో వచ్చిన "రూత్‌లెస్ పీపుల్" అను చిత్రమునుండి తెచ్చుకొన్నది. దానికి మూలము 1907 లో ఓ. హెన్రీ యను రచయిత వ్రాసిన కథ. అందు ఇద్దరు దొంగలు ఒక భాగ్యవంతుని కుమారుని ఎత్తుకొనిపోవుదురు. ఆ పిల్లవాడు వారిని పెట్టు హింస యింతింత కాదు. వారు పదునైదువందల డాలర్లు కోరుచు జాబు వ్రాయగా, పిల్లవానిని తిరిగి తీసికొనుటకు మీరే నాకు 250 డాలర్లు ఈయవలెనని తండ్రి బదులు వ్రాయును. దొంగలు మాఱుపలుకక చెల్లించి పారిపోవుదురు. అల్లరిబిడ్డను కన్న తల్లులకు ఆ బేరము వింతగా తోపదు. పిల్లవాని చోట భార్యను నిలిపినంతనే ఆ నవ్వు మఱియొక నవ్వైనది, చూచితిరా! పిల్లవానిని వద్దనుటలో తండ్రి ప్రేమ కఱవు కాదు, బేరమాడుచున్నాడు. భార్యను వద్దనువాడు నిజముగనే వద్దనుచున్నాడు.

చేతగాని దొంగను ప్రేమించుట మనకు క్రొత్త కాదు. శూద్రకుని "మృచ్ఛకటికము"లో శర్విలకుడను బ్రాహ్మణుడు చారుదత్తుని యింటికి కన్నము వేయును. గోడను ఏ యాకారమున త్రవ్విన శాస్త్రసమ్మతముగా నుండునో యని వితర్కించును. కొలత త్రాడు మఱచివచ్చి జందెముతో కొలుచును! తీరా లోన ప్రవేశింపగా అది పేదవాని యిల్లు. నిద్రలో కలవరించుచున్న విదూషకుడు నగల మూటను తానే చేతికందీయకున్న, అతనికి ఆ రాత్రి దక్కునది గోడమట్టియే. అతడు దొంగిలించినది తాను వలచిన మదనికను దాస్యమునుండి విడిపించుటకు. అందుచేత మనము అతనిని కోపింపజాలము.

కాని ఆ నగలు వసంతసేన దాచుకొనుమని యిచ్చినవి. వాని బదులు ఏమి యీయవలెను? చారుదత్తుని భార్య ధూతాదేవి, తన పుట్టింటివారిచ్చిన రత్నహారమును మెడనుండి తీసి యిచ్చును. నాటకమును పొగడువారందరును శర్విలకుని చమత్కారమును పొగడిరి, చారుదత్తుని దాతృత్వమును పొగడిరి. ధూత మెడ బోసిపోయిన సంగతి తలచినవారు తక్కువ. మన గురజాడవారి గిరీశమును చూడుడు. 1892 లో రంగమెక్కిన "కన్యాశుల్కము" నాటినుండి గిరీశము మాటలకు తెలుగువారు మురియుచునే యున్నారు. అతడు ముంచినదెవరిని? పూట పూటకు అన్నము వండి అమ్ముకొని బ్రదుకు పూటకూళ్ళమ్మను. ఆమె తన పైకము కొఱకు చీపురుకట్టతో వెదకుచు వచ్చినప్పుడు, గిరీశము మంచము క్రింద దూరగా మనమందరము నవ్వుదుము. నేనును నవ్వుదును, కాని నా యోటు చీపురుకట్టకే.

ఇటలీదేశమునను ఇట్టి ముచ్చట యొకటి జరిగినది. 1958 లో మారియో మోనిచెల్లి యను దర్శకుడు, రోమునగరమునందలి దరిద్రులైన దొంగల కథ నొకటి తీసెను. కుదువసొమ్ము వ్యాపారము చేయు చోటికి ప్రక్కయింటి గోడ పగులగొట్టి పోవలెనని వారి యెత్తు. వారిలో నొకని భార్య కారాగారమందుండుటచే, అతడు చంటిబిడ్డను చంకనిడుకొని దొంగతనపు సన్నాహములకు వచ్చుచుండును. తుదకు రాత్రియంతయు శ్రమపడి గోడ పగులగొట్టగా, అది ఆ యింటి వంటగది గోడ. ఎదుట నున్నది పెట్టె కాదు, పొయ్యి. వారు చేయునది లేక, అచట నున్న సెనగలు కలిపిన వంటకమును వెచ్చచేసికొని కడుపార తిని పోవుదురు. ఆకలిగొన్నవారు దొంగలైనను తిన్నారన్న సంతోషము మన యాడవారి మనస్సునకు కలుగును. గిన్నెలు తోమినదెవరో చిత్రములో చూపలేదు.

ఈ జాతి చిత్రములకు పెట్టుబడి తక్కువగుట లోపము కాదు, గుణమని నా తలంపు. ధనము విస్తారముగా నున్న చిత్రములో ఇల్లు ఇల్లువలె నుండదు. అందలి కథానాయకుడు పనిలేనివాడైనను అతని చొక్కా వెల మన యింటి నెల సామానులంత యుండును. చిన్న చిత్రమునకు అద్దెగదియే అద్దెగది; అందు సగము నీరున్న బక్కెట, దండెముమీద ఆరని తువ్వాలు, ఎవరో సగము తిని విడిచిన పొట్లము. వందరూపాయలు పోయిన పోయినట్లే తెలియును. కోట్లు దోచుకొను దొంగను మనము తీర్పు తీర్చజాలము, ఆ లెక్క మనకు తెలియదు. అద్దెకు నాలుగువేలు తక్కువైనవాని సంగతి మనకు రూపాయి రూపాయి తెలియును. పోపులడబ్బాలో దాచిన పైకము ఏ యక్కఱకై తీయవలసివచ్చునో, మరల నెట్లు నింపవలెనో ఎఱిగినవారము కనుక, "ఇంతతో తీరిపోవునులే" యని దొంగ అనుకొనిన క్షణముననే అది తీరదని మనకు తెలిసిపోవును. అతనికి తెలియుటకు రెండుగంటలు పట్టును.

2019 లో రెండు మంచి చిత్రములు వచ్చినవి. వివేక్ ఆత్రేయగారి "బ్రోచేవారెవరురా" ఒకటి. ఆ పేరు మైసూరు వాసుదేవాచార్యులవారు ఖమాసు రాగమున కూర్చిన కృతినుండి తీసికొన్నది. ఇంటరుమీడియేటు పరీక్ష ఏటేట తప్పుచున్న మువ్వురు పిల్లలు; వారితో స్నేహము చేసిన మిత్ర యను బాలిక. ఆమె వేషము నివేదా థామస్‌ది. ఆమెకు నాట్యము నేర్చుకొనవలెనని కోరిక; ఆ కోరిక వినుటకు ఇంట తండ్రికి తీఱిక లేదు. తన్ను ఎవరో ఎత్తుకొనిపోయినట్లు తానే నాటకమాడించి, తండ్రివలన పైకము రాబట్టి, ఆమె యిల్లు విడుచును. నాటకము ముగిసిన పిదప నిజమైన దుర్మార్గులు ఆమెను పట్టుకొందురు. ఆమెను విడిపించుటకై ఆ పిల్లలు అన్యుల యాసుపత్రి ఖర్చులకు పోవు పైకమును లాగుకొందురు. ఒకరి యిక్కట్టు తీర్చుటకు మఱియొకరి యిక్కట్టును దోచుట! రెండుకథలు ఒకదానితో నొకటి ఢీకొను ఆ ఘట్టమున హాస్యము ఆగిపోయి చూచువారి చేతులు చల్లబడును. హాస్యచిత్రమునకు అంతకన్న గొప్ప ధైర్యము లేదు. ఆ బాలిక ఇంట నోరువిప్పి చెప్పిన మాట వినువారున్నచో ఈ కథయే లేదు.

రితేష్ రాణాగారి "మత్తు వదలరా" రెండవది. శ్రీసింహ వేసిన పాత్ర ఇండ్లకు సామానులు చేరవేయు కుఱ్ఱవాడు. వచ్చు జీతము గది యద్దెకే చాలదు. సహవాసి బోధచే, నోటు తక్కువ వచ్చినదని చెప్పి ఒక ముసలమ్మవద్ద ఐదువందల రూపాయలు కాజేయబోవును. ఆమె పట్టుకొనును, పెనుగులాటలో పడిపోవును, చనిపోయినదని తలచి వాడు నిలువునా వణకును. ఐదువందల రూపాయలు! ఆ సొమ్ము ఆ ముసలిదానికి మందుల వ్యయము కావచ్చును, వానికి వారము గ్రాసము కావచ్చును. తరువాతి భాగమున కథ మాదకద్రవ్యముల వ్యవహారములోనికి పోయి నాకంత రుచింపలేదు గాని, ఆ మొదటి గంట ఆణిముత్యము. మనము రాత్రులు కన్నీరు కార్చుచు చూచు టీవీ సీరియళ్ళను అందు చేసిన పరిహాసమునకు నేను ఇప్పటికిని నవ్వుచుందును. సత్యయను హాస్యనటుడు దానిని చూచు తీరు మన యిండ్లలోని మగవారు దొంగచాటుగా చూచు తీరే. 2024 లో దీని రెండవ భాగమును వచ్చినది.

ఇట్టి చిత్రములు చూచి పిల్లలు చెడిపోవుదురని భయపడు తల్లులు గలరు. ఆ భయము తీసివేయదగినది కాదు. ధనముకొఱకు మనిషిని అపహరించి చంపుదునని బెదరించుట యనునది హాస్యము కాదు. "మనీ" వచ్చిన 1993 లోనే ఆ నేరమునకు మరణదండనమో యావజ్జీవ కారాగారమో విధించు 364-ఏ సెక్షను భారత శిక్షాస్మృతిలో చేర్చబడినది. 2024 జులై నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలోను శిక్ష యదియే. ఐనను నాకొక సంగతి తోచును. గెలుచు దొంగను చూపి, వాని నడకకు వాద్యములు వాయించి, వాని చేతి కత్తిని పూజించు పెద్ద చిత్రములు మన పట్టణమున నెలల కొలది ఆడుచున్నవి. వానిని గూర్చి ఇంత భయము మనలో కానరాదు. చేతగాని దొంగ కథలో దొంగతనము ఎంత అలసట పనియో, ఎంత నష్టపు వ్యాపారమో ప్రతి ఘట్టమునను తెలియును. పిల్లవానితో కలిసి చూచి, "ఆ ముసలమ్మ సంగతి యేమైనదిరా?" యని నడుమ నొక మాట అడిగిన చాలును.

అసలు భయము వేఱొకటి కలదు. ఆ తెరమీది పనిలేని కుఱ్ఱవానిని చూచి మురిసిపోయి, "పాపము, ఎంత యమాయకుడు" అనుకొని, ఇంటికి వచ్చి, పట్టా చేతబట్టుకొని మూడేండ్లుగా ఖాళీగానున్న కన్నకొడుకును చూచి నిట్టూర్చుచున్నాము. వానికి ఇంటివారు పెట్టు పేరులు ఏ చిత్రములోని మాటలకన్న మొనగలవి. తండ్రి ఎదుట వాడు భోజనమునకు కూర్చుండడు. అప్పులిచ్చు ఫోను యంత్రములకు, క్రికెట్టు పందెములకు ముందుగా చిక్కునది ఇట్టి పిల్లలే; అవి వానిని వెక్కిరింపవు, "నీవు గెలువగలవు" అని చెప్పును. ఇంట ఆ మాట ఎవరును చెప్పరు.

అందుచేతనే "జాతిరత్నాలు" చిత్రము నాకు మిగిలిన వానికన్న దగ్గఱైనది. అనుదీప్ కె. వి. గారు తీసిన ఆ చిత్రము 2021 మార్చి 11 వ తేదీని, మహాశివరాత్రినాడు, కోటప్పకొండ తిరునాళ్ళ దినముననే విడుదలయ్యెను. జోగిపేటనుండి హైదరాబాదునకు బయలుదేరిన మువ్వురు మిత్రులు, ఏ పాపమెఱుగకయే ఒక శాసనసభ్యునిపై హత్యాప్రయత్నము చేసిరన్న నేరమున చిక్కుకొందురు. నవీన్ పోలిశెట్టి, ప్రియదర్శి, రాహుల్ రామకృష్ణ ఆ మువ్వురు. కథలో బలము లేదనువారున్నారు. నిజమే, కాకరకాయకు పొట్లకాయకు ముడివేసినట్లుండును. ఐనను ఆ పిల్లలలో ఎవనియందును కపటము లేదు. తమకు తెలివి యున్నదని వారొక్కరే నమ్మియుందురు, ఆ నమ్మకమే వారి సొత్తు.

న్యాయస్థానములో ఆ కుఱ్ఱవాడు తన పక్షమున తానే వాదించుకొనును. వాని న్యాయశాస్త్ర మంతయు సినిమాలలో నేర్చినది. ఎదుట న్యాయపీఠముపై విసిగి వేసారి కూర్చున్నది మన చాగంటివారిపాలెము బ్రహ్మానందముగారు. జోగిపేటలో ఆ కుఱ్ఱవాని తండ్రి వేషము తనికెళ్ళ భరణిగారిది. ఈయనయు 1993 నాటి "మనీ"లో మాణిక్యమను వేషము వేసినవాడే. ఇరువదియెనిమిదేండ్లలో ఖాన్ దాదా న్యాయాధిపతి యయ్యెను, మాణిక్యము కష్టపడి దుకాణము నడుపు తండ్రి యయ్యెను; దొంగల వేషములు క్రొత్త పిల్లలకు వచ్చినవి.

ఆ తండ్రి దుకాణము ఆడవారి సామానుల దుకాణము. కొడుకు అందు కూర్చుండవలసినవాడు. స్నేహితులు ఆ పేరు పెట్టియే వానిని ఎగతాళి చేయుదురు. ఆ సిగ్గు భరింపలేకయే వాడు పట్టణమునకు పోయి యిన్ని తిప్పలు తెచ్చుకొన్నాడు. నరసరావుపేట బజారులో ఒక చీరకు రవికెగుడ్డ రంగు కలియక నాలుగు దుకాణములు ఎక్కిదిగిన మనకు మాత్రము, ఆ పనిలో సిగ్గుపడవలసినది ఏమున్నదో ఎంత ఆలోచించినను బోధపడదు.